నాన్న వాచీకి నాడి చూశారా?

నాన్న హెచ్‌ఎంటీ వాచీ మీద మొన్న ఇంకొక కవిత చదివాను. ఎవరు రాశారో చెప్పను. అది చెడ్డ కవితేం కాదు. అలాంటివి పది చదివి ఉంటాను, మీరూ చదివే ఉంటారు. అన్నిట్లోనూ వాచీ చేసే పని ఒకటే. నాన్న పోయాక బీరువా డ్రాయర్లో దొరుకుతుంది. కీ ఇవ్వగానే కదులుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే నాన్న గుండె చప్పుడు వినిపిస్తుంది. అక్కడితో కవిత అయిపోతుంది. ఆ వాచీ సరిగ్గా నడుస్తోందా అని మాత్రం ఒక్కరూ అడగరు. లోపల నూనె ఎండిపోయి ఎన్నేళ్ళయిందో, ఇలా కీ ఇచ్చి మురిసిపోయిన ప్రతిసారీ ఇరుసుల కొనలు ఎంత అరుగుతున్నాయో ఎవరికీ పట్టదు. కొట్టుకుంటోంది కదా, చాలు.

నా గొడవ దీని మీదే. ప్రేమ ఉన్నచోట కొలతలెందుకు అని మనకొక నమ్మకం. సాహిత్యం చదివేవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. కొలిచేవాడు షావుకారు, కొలవనివాడు కవి. ఈ నమ్మకం వల్ల కవిత్వానికి ఏం ఒరిగిందో తెలీదు గానీ, వాచీలు మాత్రం పాడైపోతున్నాయి. అందుకని ఒక మాట గట్టిగానే అంటున్నాను: నాన్న వాచీ మీద రాసేముందు దాన్ని ఒక అరగంట టైమ్‌గ్రాఫర్ మీద పెట్టండి. వెటకారానికి అనడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. టైమ్‌గ్రాఫర్ అంటే వాచీ చప్పుడు విని లెక్క చెప్పే యంత్రం. వాచీని పట్టుకోడానికి చిన్న స్టాండు, అందులో మైకు, దానికో వైరు, వైరు చివర అరచేతికి కాస్త పెద్దదైన స్క్రీను. ఒకప్పుడు పెద్ద రిపేరు షాపుల్లో మాత్రమే ఉండేది. ఇప్పుడు చైనాలో తయారైనవి ఓ మాదిరి స్మార్ట్‌ఫోన్ ఖరీదులో ఇంటికే వస్తున్నాయి. వాచీ వెనక మూత తీయక్కర్లేదు. స్టాండులో బిగిస్తే అర నిమిషంలో స్క్రీను మీద చుక్కల గీతలూ, కింద మూడు అంకెలూ వస్తాయి.

మొదటి అంకె రేటు. ఇదే వేగంతో నడిస్తే రోజుకి ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుందన్నది. రెండోది బీట్ ఎర్రర్. టిక్కుకీ టక్కుకీ మధ్య, టక్కుకీ టిక్కుకీ మధ్య వ్యవధి సమానంగా ఉందా, లేక కుంటుతోందా అన్నది. ఇది మిల్లీసెకన్లలో ఉంటుంది. మూడోది ఆంప్లిట్యూడ్. లోపల బాలెన్స్ చక్రం ఊయలలాగా అటూ ఇటూ తిరుగుతుంటుంది కదా, నడిమి నుంచి ఒక పక్కకి ఎన్ని డిగ్రీలు ఊగుతోందన్నది. రేటు వాచీ చెప్పే టైము గురించి. ఆంప్లిట్యూడ్ వాచీ ఒంట్లో ఉన్న బలం గురించి. ఈ రెండూ వేరు వేరు సంగతులని తెలుసుకోడానికి నాకు ఒక సర్వీసింగ్ డబ్బులూ, ఒక పెద్దమనిషి దగ్గర తలవంపులూ ఖర్చయ్యాయి.

మా ఇంట్లోది హెచ్‌ఎంటీ జనతా. 1961లో బెంగళూరులో, జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సాయంతో మొదలైన ఫ్యాక్టరీ సంతతి. రోజూ కీ ఇవ్వాలి. గంటకి 18,000 బీట్లు, అంటే సెకనుకి 5 టిక్కులు, రోజుకి 4,32,000. నాన్న కవితల్లో రాని సంగతి ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఈ వాచీ నాన్న కొనుక్కున్నది కాదు. 1979లో పెళ్ళిలో అమ్మ పుట్టింటివాళ్ళు పెట్టింది. పెట్టుపోతల లిస్టులో సైకిలు, రేడియో పక్కన వాచీ ఉండే రోజులు. కట్టుకున్నది నాన్న, రోజూ పొద్దున్నే కాఫీ కలపడానికి ముందు కీ ఇచ్చింది అమ్మ. మనం జ్ఞాపకాన్ని కూడా మూత తీయకుండానే ముద్దు పెట్టుకుంటాం.

నాన్న పోయాక వాచీ నాకొచ్చింది. హైదరాబాదులో ఒక మాల్‌లో, అద్దాల షాపులో ఇచ్చాను. ఫుల్ సర్వీస్ అన్నారు. మూడున్నర వేలు తీసుకుని వారంలో ఇచ్చారు. డయల్ తళతళలాడుతోంది, కొత్త బెల్టు, టైము కూడా రోజంతా సరిగ్గానే చూపించింది. నేనూ ఓ పేరాగ్రాఫు రాసుకున్నాను, గుండె చప్పుడు గురించే, సిగ్గుపడాల్సిందేం లేదు. తర్వాత వాచీల పిచ్చి ఉన్న ఒక స్నేహితుడి ఇంటికి వెళ్తే తన టైమ్‌గ్రాఫర్ మీద పెట్టాడు. డయల్ పైకి పెట్టినప్పుడు రేటు ప్లస్ 3. నేను గర్వంగా చూశాను. వాడు ఆ అంకె వంక చూడనేలేదు. పక్కనున్న అంకె చూశాడు. 165.

పూర్తిగా కీ ఇచ్చిన ఆరోగ్యమైన వాచీ, బల్ల మీద పడుకోబెట్టినప్పుడు, సాధారణంగా 270 నుంచి 310 డిగ్రీలు ఊగాలి. పాత 18,000 బీట్ల వాచీ 250 ఊగినా సంతోషించొచ్చు. 200 లోపుకి పడిపోయిందంటే లోపల ఏదో పట్టేస్తోందని అర్థం. ఎండిన నూనె, దుమ్ము, అలసిపోయిన మెయిన్ స్ప్రింగ్, వీటిలో ఏదైనా కావచ్చు. వాడు వాచీని తిప్పి, కీ పుల్ల కిందికి వచ్చేలా నిలబెట్టాడు. రేటు మైనస్ 48కి పడింది. గీతలు చెదిరిపోయాయి.

జరిగిందేమిటో అప్పుడు అర్థమైంది. దాదాపు ప్రతి పాత వాచీలోనూ హెయిర్ స్ప్రింగ్ దగ్గర ఒక చిన్న మీట ఉంటుంది. అటు జరిపితే వాచీ వేగం పెరుగుతుంది, ఇటు జరిపితే తగ్గుతుంది. అద్దాల షాపులో వాచీ విప్పి, కడిగి, నూనె వేసి ఉంటే ఆంప్లిట్యూడ్ అలా ఉండదు. ఆ మీట మాత్రం జరిపి, డయల్ తుడిచి, బిల్లు రాశారు. రోగిని చూడకుండా జ్వరం మాత్ర వేసి, థర్మామీటర్ చూపించి, డబ్బులు తీసుకోవడం లాంటిది. ఆ మోసం చెవికి వినపడదు. ముళ్ళు చూస్తే కనపడదు. గుండె చప్పుడు 165 దగ్గర కూడా అంతే మధురంగా ఉంటుంది, ఆ మాట నేను సాక్షిగా చెప్పగలను.

ఇక్కడ పోయేది మూడున్నర వేలు మాత్రమే కాదు. నూనె లేకుండా తిరిగే ఇరుసు అరుగుతుంది. అరిగిన ఇరుసు మార్చాలంటే కొత్త భాగం ఏ కంపెనీ నుంచి రావాలి? హెచ్‌ఎంటీ వాచెస్‌ని మూసెయ్యడానికి కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఒప్పుకుంది. ఇప్పుడు జనతాకి స్పేర్ అంటే చాలాసార్లు ఇంకొక జనతాని విప్పి తీసిందే. అంటే ఒక నాన్న వాచీ బతకాలంటే ఇంకో నాన్న వాచీ చావాలి. ఈ పరిస్థితుల్లో, నడుస్తోంది కదా అని కీ ఇచ్చుకుంటూ పోవడం ప్రేమ కాదు, బద్ధకం. కాస్త కటువుగా ఉందా? ఉండనివ్వండి.

ఇంతవరకూ చదివి రెండో గుంపువాళ్ళు చంకలు గుద్దుకుంటూ ఉంటారు. వాళ్ళ దగ్గరికే వస్తున్నాను. వీళ్ళ పేరు సున్నా భక్తులు. వీళ్ళు టైమ్‌గ్రాఫర్ కొంటారు, రాత్రి పదింటికి వాచీ వెనక మూత తీస్తారు, రేటు ప్లస్ 7 ఉంటే మీటని వెంట్రుకవాసి జరుపుతారు. మైనస్ 4 అవుతుంది. మళ్ళీ జరుపుతారు. సున్నా వచ్చిన క్షణాన ఫోటో తీసి గ్రూపులో పెడతారు. పొద్దున్న చేతికి పెట్టుకుంటే మళ్ళీ ప్లస్ 6. ఆ రాత్రి మళ్ళీ మూత తీస్తారు. ఏదో ఒక రాత్రి స్క్రూడ్రైవర్ జారి, వెంట్రుక కంటే సన్నని స్ప్రింగుకి తగులుతుంది. అక్కడితో ఆ కథ సమాప్తం.

లెక్క చూద్దాం. రోజుకి 86,400 సెకన్లు. 10 సెకన్ల తేడా అంటే 8,640లో ఒక వంతు. నూనె, ఉక్కు, చక్రాలు కలిసి ఆ మాత్రం తేడాతో నడవడమే ఒక అద్భుతం. స్విట్జర్లాండులో క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఒక్కో మూవ్‌మెంట్‌ని 15 రోజుల పాటు, 5 భంగిమల్లో, 3 ఉష్ణోగ్రతల దగ్గర పరీక్షిస్తుంది. అంత చేసి అది అడిగేది సున్నా కాదు. సగటున రోజుకి మైనస్ 4 నుంచి ప్లస్ 6 లోపల ఉంటే చాలంటుంది. మనవాడు మాత్రం ఫ్యాను కింద, ఒకే భంగిమలో, అర నిమిషంలో సున్నా కావాలంటాడు. సెకన్లే ముఖ్యమైతే క్వార్ట్జ్ కొనుక్కోవచ్చు. సెకనుకి 32,768 సార్లు కంపించే ఆ స్ఫటికం, మామూలు రకమైనా, నెలకి ఓ 15 సెకన్ల తేడాతో నడుస్తుంది. మెకానికల్ వాచీ కొనుక్కుని దాన్ని క్వార్ట్జ్ కాలేదని హింసించడమేమిటి?

ఇంకో ముచ్చట. ఉన్నట్టుండి వాచీ రోజుకి రెండు మూడు నిమిషాలు ముందుకి పరిగెత్తిందనుకోండి. సున్నా భక్తుడు మీట పట్టుకుంటాడు. చాలాసార్లు అసలు కారణం ఫోను కవర్లోదో, స్పీకర్లోదో అయస్కాంతం. హెయిర్ స్ప్రింగు చుట్లు అయస్కాంతం పట్టి ఒకదానికొకటి అంటుకుంటాయి, స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేస్తుంది, వాచీ పరుగు తీస్తుంది. డీమాగ్నెటైజర్ మీద పెడితే క్షణాల్లో పోయే జబ్బు. దానికి మీట జరిపితే ఒక జబ్బు కాస్తా రెండవుతాయి. అంకె అబద్ధమని కాదు నేననేది. చదవడం రాకుండా అంకె పట్టుకుంటే ఇలాగే ఉంటుంది.

నాకు మాత్రం చదవడం వచ్చిందా? రాలేదు. అదే చెప్తాను.

165 చూసిన తర్వాత వాచీని విజయవాడ తీసుకెళ్ళాను. వన్‌టౌన్‌లో సందులో ఒక పెద్దాయన ఉన్నాడు. నాన్న ఎరిగిన మనిషి. మూడు వారాలు పట్టుద్దన్నాడు, పదిహేను వందలు తీసుకున్నాడు. వాచీ తెచ్చుకున్నాక స్నేహితుడి యంత్రం ఈసారి అరువు తెచ్చుకుని ఇంట్లో నేనే పెట్టాను. ఆంప్లిట్యూడ్ 183. నాకు ఒళ్ళు మండిపోయింది. అద్దాల షాపువాడైతే సరే, ఈయన కూడానా? స్క్రీను ఫోటో తీసుకుని, పండగకి ఊరెళ్ళినప్పుడు ఆయన కౌంటర్ మీద ఫోను పెట్టాను. పదిమంది వినేట్టుగానే మాట్లాడాను. సర్వీసింగ్ అంటే ఇదేనా అండీ అన్నాను.

ఆయన కంటికున్న అద్దం తీసి ఫోటో చూశాడు. "బాబూ, లిఫ్ట్ యాంగిల్ ఎంత పెట్టారు?" అన్నాడు.

"అదేంటండీ?" అన్నాను.

మనకి ఒక్క టిక్కులా వినిపించేది నిజానికి మూడు చప్పుళ్ళు. బాలెన్స్ చక్రానికున్న చిన్న రాయి ఫోర్కుని తాకినప్పుడు ఒకటి. పళ్ళచక్రం ఫోర్కు ద్వారా దాన్ని ముందుకి తోసినప్పుడు ఒకటి. తర్వాతి పన్ను వచ్చి ఆగినప్పుడు మూడోది. మొదటి చప్పుడు నుంచి మూడోదాని వరకూ చక్రం తిరిగే కోణమే లిఫ్ట్ యాంగిల్. అది ఒక్కో మూవ్‌మెంట్‌కి ఒక్కోలా ఉంటుంది. యంత్రానికి చక్రం కనిపించదు, చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. కోణం మనం చెప్పాలి, పట్టిన సమయం అది కొలుస్తుంది, ఆ రెంటినీ బట్టి ఎంత ఊగుతోందో లెక్క కడుతుంది. అందుకే కోణం తప్పు చెప్తే ఆంప్లిట్యూడ్ కూడా అదే నిష్పత్తిలో తప్పుతుంది. చాలా మామూలు వాచీలకి 50 దగ్గర్లో ఉంటుంది కనుక యంత్రాల్లో ముందుగానే 52 పెట్టి ఉంచుతారు. నా స్నేహితుడు నాకిచ్చేముందు తన ఒమేగా కో-యాక్సియల్‌ని చూసుకుని, దానికి తగ్గట్టు 38 పెట్టి మర్చిపోయాడు. 38 దగ్గర 183 అంటే, 52 దగ్గర 250.

పెద్దాయన ఇదంతా నాకు పాఠంలా చెప్పలేదు. తర్వాత నేను చదువుకుని తెలుసుకున్నాను. ఆయన చేసింది ఒక్కటే. "నేనిచ్చిన రసీదు ఉందా?" అన్నాడు. పర్సులో ఉంది. తిప్పి చూడమన్నాడు. వెనక బాల్‌పెన్నుతో మూడు వరుసలు రాసి ఉన్నాయి. డయల్ పైకి, ప్లస్ 11, 252. డయల్ కిందికి, ప్లస్ 14, 248. కీ పుల్ల కిందికి, ప్లస్ 2, 221. తేదీ. నేను డబ్బులిచ్చి, రసీదు మడిచి పర్సులో పెట్టుకుని వచ్చేశాను. తిప్పి చూడలేదు. ఆయన కొలిచి, రాసి, చేతికిచ్చాడు. చదవనిది నేను. ఆయన వెనక బల్ల మీద చైనా యంత్రం ఒకటి ఉంది. దాని పక్కన గుడ్డ కప్పి, కాగితపు పట్టీ మీద చుక్కలు కొట్టే పాతకాలం టైమింగ్ మెషీన్ ఉంది. అప్పుడు చూశాను.

క్షమించమన్నాను. ఫర్లేదు బాబూ అన్నాడు. ఆయనకి ఫర్లేదో లేదో నాకు తెలీదు. అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి కదా, అప్పటికి ఆ పదిమందీ వెళ్ళిపోయారు.

దీన్ని బట్టి కొందరు ఇంకో పాఠం లాగుతారని నాకు తెలుసు: "చూశారా, యంత్రాలెందుకు? అనుభవం ఉన్న చెయ్యి చాలు, చెవి చాలు." కాదండీ. సరిగ్గా దానికి వ్యతిరేకం. ఆ అనుభవం ఉన్న చెయ్యే కొలిచి రాసిపెట్టింది. చేతిపని వేరు, కొలత వేరు అనుకునేది పని చేయనివాళ్ళే. నేతగాడు పోగులు లెక్కపెడతాడు, కంసాలి రవ్వలు తూస్తాడు, టైలరు మెడలో టేపు వేసుకుని తిరుగుతాడు. వాచీ రిపేరువాళ్ళు మనింట్లోకి టైమ్‌గ్రాఫర్ రాకముందు దశాబ్దాల నుంచి ఆ చుక్కల పట్టీలు చదువుతున్నారు. చెవితోనే అన్నీ తెలుసుకునే ముసలి మేస్త్రీ అనేవాడు మన కథల్లో పాత్ర. ఆ పాత్రని మనం ఎంతగా ప్రేమిస్తామంటే, వన్‌టౌన్‌లో నిజంగా కూర్చున్న మనిషి రసీదు వెనక ఏం రాశాడో చూడం.

రెండో అభ్యంతరం: ఇంట్లో యంత్రం పెట్టుకుంటే పిచ్చి ముదురుతుంది, వాచీ కట్టుకునే ఆనందం పోతుంది. ఇందులో కొంత నిజముంది. కానీ మన ఇళ్ళల్లో బీపీ మిషను ఉంది. అమ్మకి వారానికోసారి చూసి కాగితం మీద రాస్తాం, డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్తాం. ఒక రీడింగ్ ఎక్కువొచ్చిందని మనమే మాత్ర మార్చం. మిషను ఉంది కదా అని రోజుకి ఇరవైసార్లు పట్టీ బిగించం. అమ్మ మీద ప్రేమ తగ్గిందనీ ఎవరూ అనరు. వాచీకి కూడా అంతే చేయమంటున్నాను.

అంటే ఏం చేయాలి? వాచీకి పూర్తిగా కీ ఇచ్చి ఓ ఇరవై నిమిషాలు వదిలేయండి. యంత్రంలో లిఫ్ట్ యాంగిల్ ఎంతుందో ముందు చూడండి, మీ మూవ్‌మెంట్‌కి ఎంతుండాలో వెతికి పెట్టండి. డయల్ పైకి, డయల్ కిందికి, కీ పుల్ల నాలుగు దిక్కులకీ, మొత్తం ఆరు భంగిమలు. భంగిమ మార్చాక అర నిమిషం స్థిమితపడనిచ్చి, తర్వాత ఓ నిమిషం చూసి అంకెలు రాసుకోండి. నిలబెట్టినప్పుడు ఆంప్లిట్యూడ్ ఇరవై నుంచి నలభై డిగ్రీలు తగ్గడం మామూలే, కంగారు పడకండి. ఇరవై నాలుగ్గంటల తర్వాత, మళ్ళీ కీ ఇవ్వకుండా, ఇంకోసారి చూడండి. ఆరునెలలకి ఒకసారి చాలు. సర్వీసింగ్‌కి ఇచ్చేముందు ఒకసారి, తెచ్చుకున్నాక ఒకసారి. పాత వాచీ కొనేటప్పుడైతే తప్పనిసరిగా, ఎందుకంటే డయల్ కొత్తగా పెయింట్ చేసి జ్ఞాపకాల రేటుకి అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ సరుకు మన కన్నీళ్ళే. వెనక మూత మాత్రం మీరు తీయకండి. మీట మీ పని కాదు. మీ పని చదవడం, రాసుకోవడం, అడగాల్సిన మనిషిని మర్యాదగా అడగడం.

చదవడం మన పని అని చెప్పుకునేవాళ్ళం కదా మనం. ఒక కవితలో పాదం ఎందుకు అక్కడ విరిగిందో అరగంట వాదించుకోగలం. 165 పక్కన ప్లస్ 3 ఎందుకు వచ్చిందో అడగడానికి అదే ఓపిక చాలు.

ఇప్పుడు నాకు సొంత యంత్రం ఉంది, పక్కన ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ ఉంది. జనతా రోజుకి 12 సెకన్లు ముందుకి పోతోంది. సున్నా చేయించే ఉద్దేశం లేదు. పోయిన ఆదివారం డయల్ పైకి పెట్టి చూస్తే ఆంప్లిట్యూడ్ 231. ఏడాది కిందట 246 ఉండేది. నెమ్మదిగా దిగుతోంది, అంటే నూనె చిక్కబడుతోంది. ఈ సంక్రాంతికి వన్‌టౌన్ వెళ్ళాలి. ఈసారి ఫోనులో ఫోటో కాదు, నోట్‌బుక్ తీసుకెళ్తాను. కాస్త జనం ఉన్న వేళ చూసుకుని మరీ వెళ్తాను.